కారులో డీజిలు ఒలికితే...
వాసన పోవాలంటే ముందు చమురు పోవాలి

ఇందుకూరుపేట:

రొయ్యల చెరువు గట్టున అర్ధరాత్రి కరెంటు పోయిందంటే రైతుకు గుండె ఆగినంత పని అవుతుంది. ఏరియేటర్లు నిలిచిపోతే నీటిలో ప్రాణవాయువు తగ్గుతూ వస్తుంది. తెల్లవారుజామున అది మరీ అడుగంటుతుంది. రొయ్య ఊపిరాడక నీటిపైకి తేలుతుంది. నెలల తరబడి మేత పోసి పెంచిన పంట కొద్ది గంటల్లో చేజారిపోతుంది. అందుకే ప్రతి చెరువుకూ ఒక జనరేటరు ఉంటుంది. ఆ జనరేటరులో డీజిలు నిండుకున్నదని కాపలా మనిషి ఫోను చేస్తే రైతు ఇక వేళాపాళా చూడడు. ఇంటి ముందున్న కారు తీస్తాడు. బంకులో రెండు క్యాన్లకు డీజిలు పట్టించి, డిక్కీలోనో వెనుక సీటు కిందనో పెట్టుకుని గతుకుల బాటన చెరువుకు పరుగు తీస్తాడు.

నెల్లూరు తీరాన ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల్లో ఇది మామూలు దృశ్యం. పడవలకు చమురు తీసుకువెళ్ళే మత్స్యకారులదీ ఇదే తీరు. చెరువుకు చమురు అందుతుంది, పంట దక్కుతుంది. అయితే గతుకుల్లో క్యాను పక్కకు ఒరిగి, బిరడా సందులోంచి లీటరో అరలీటరో కారులో ఒలికిపోయిన సంగతి పొద్దున్నే తెలుస్తుంది. తలుపు తీయగానే గుప్పుమని వాసన. ఎక్కిన వాళ్ళంతా ముక్కు మూసుకుంటారు. "ఏందన్నా, కారులో బంకేమైనా పెట్టుండావా?" అని తోటివారు వేళాకోళం చేస్తారు. వారం గడచినా, నెల గడచినా వాసన వదలదు.

ఇది వేళాకోళంతో పోయే విషయం కాదు. పల్లెల్లో ఇంటికి కారు ఒక్కటే ఉంటుంది. రాత్రి డీజిలు మోసిన బండే పొద్దున పిల్లలను బడికి చేరుస్తుంది. పెళ్ళికీ, తిరణాలకూ అదే కావాలి. నెలలు నిండిన ఆడకూతురిని నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోవలసి వస్తే అదే దిక్కు. అటువంటి బండిలో ఇంధనపు ఆవిరి నిలిచి ఉంటే పీల్చేవారికి చేటు. నిప్పు తగిలితే ప్రాణాలకే ముప్పు.

వాసన అంటే చమురే

చాలామంది చేసే పొరపాటు ఒక్కటే. వాసనను వాసనగానే చూస్తారు. సెంటు చల్లుతారు, నిమ్మకాయ చెక్కలు పెడతారు, మల్లెపూలు వేలాడదీస్తారు. పూట గడిచేసరికి మల్లె వాసన, డీజిలు వాసన కలిసి ఇంకా వెగటు పుడుతుంది. కారణం తేలికే. ముక్కుకు తగిలేది చమురు నుంచి లేచే ఆవిరి. చమురు కారులో ఉన్నంత కాలం ఆవిరి లేస్తూనే ఉంటుంది. చమురును బయటకు తీయకుండా వాసనను పోగొట్టడమంటే, కారుతున్న కుండను అలాగే ఉంచి నేల తుడిచినట్లే.

పెట్రోలుకు, డీజిలుకు తేడా తెలుసుకోవాలి. పెట్రోలు తేలిక చమురు. మామూలు ఎండకే ఆవిరై పోతుంది. కొద్దిగా ఒలికితే, తలుపులు బార్లా తెరిచి ఉంచితే ఒకటి రెండు రోజుల్లో చాలావరకు వాసన తగ్గుతుంది. అయితే ఆ మొదటి గంటలే అతి ప్రమాదకరమైనవి. డీజిలు బరువు చమురు. అందులోని చాలా భాగం 200 డిగ్రీలు దాటితే గాని మరగదు. ఒలికిన చోటునే జిడ్డుగా అంటుకుని, కార్పెట్టు కింది స్పాంజిలోకి దిగి, నెలల తరబడి కొద్దికొద్దిగా ఆవిరవుతూ ఉంటుంది. కనుక డీజిలు వాసన దానంతటదే పోతుందని ఎదురుచూడటం దండుగ.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా భారత్ స్టేజ్ 6 ఇంధనం వచ్చింది. డీజిలులో గంధకం పది లక్షల పాళ్ళకు 50 పాళ్ళ నుంచి 10 పాళ్ళకు తగ్గింది. పొగ విషయంలో ఇది మేలే. కాని కారులో ఒలికితే కొత్త డీజిలు కూడా వాసన వేస్తుంది. ఆ వాసన గంధకానిది మాత్రమే కాదు, చమురుదే.

డీజిలు అంటుకోదన్నది భ్రమ

"పెట్రోలయితే భయం గాని, డీజిలుకేమవుతుంది" అనే మాట పల్లెల్లో తరచు వినబడుతుంది. ఇందులో సగమే నిజం. పెట్రోలు ఆవిరి సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలో కూడా నిప్పు అందుకోగలదు. డీజిలుకు అంతకంటే వేడి కావాలి. మన దేశపు ప్రమాణం ప్రకారం డీజిలు ఆవిరి నిప్పు అందుకునే వేడి 35 డిగ్రీలకు తక్కువ ఉండకూడదు. అంటే 35 డిగ్రీలు దాటాక అటువంటి ఆవిరి పుట్టే అవకాశం ఉందన్నమాట.

నెల్లూరు ఎండల సంగతి జిల్లా వాసులకు చెప్పనక్కరలేదు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. బయట 40 డిగ్రీలు ఉన్న రోజున తలుపులు మూసి ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీల పైచిలుకు వేడి పుడుతుంది. ఆ వేడిలో డీజిలు తడిసిన కార్పెట్టు, మూసిన అద్దాలు, పైన ఒక అగ్గిపుల్ల తోడైతే ఏమి జరుగుతుందో ఊహించుకోవచ్చు. వాసన ఉన్న కారును ఎండలో మూసి పెట్టరాదు. అందులో పిల్లలను కూర్చోబెట్టి పనికి పోవడం మామూలు రోజుల్లోనే తప్పు, ఇటువంటప్పుడు మరీ తప్పు.

సాంబ్రాణి పొగ వేయరాదు

ఇంట్లో ముక్క వాసన, బాలింత గదిలో ముక్క వాసన పోవడానికి సాంబ్రాణి వేయడం మన అలవాటు. ఆ అలవాటునే కొందరు కారుకూ తెస్తున్నారు. నిప్పుల మీద సాంబ్రాణి వేసి కారులో తిప్పడం, అగరొత్తులు గుచ్చడం, కొత్త బండికి చేసినట్లు కర్పూరం వెలిగించడం చేస్తున్నారు. ఇంధనం ఒలికిన బండిలో ఇది చేతులారా ప్రమాదాన్ని పిలవడమే. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి పోదు. కాళ్ళు పెట్టే చోట, సీట్ల కింద, డిక్కీ అడుగున నీళ్ళు నిలిచినట్లు నిలుస్తుంది. పై అద్దం రెండు వేళ్ళ మేర దించితే అది బయటకు రాదు. నాలుగు తలుపులూ, డిక్కీ పూర్తిగా తెరిస్తేనే కిందినుంచి జారిపోతుంది.

వాసన పూర్తిగా పోయేదాకా ఆ బండిలో బీడీ, సిగరెట్టు, అగ్గిపెట్టె, దోమల చుట్ట ఏదీ వెలగరాదు. దిష్టి తీసే కర్పూరం కూడా అంతే.

మొదటి గంటలో చేయవలసినవి

దారిలో ఉండగా చమురు ఒలికిందని తెలిస్తే బండిని వెంటనే పక్కకు ఆపి, ఇంజను కట్టి, అందరూ దిగిపోవాలి. క్యానును బయటకు తీసి నేలమీద నిలబెట్టాలి. తలుపులన్నీ బార్లా తెరవాలి. ఇంటివద్ద అయితే బండిని గడ్డివామికి, వంటపాకకు, పశువుల కొట్టానికి దూరంగా గాలి ఆడే చోట ఉంచాలి. ఒలికింది పెట్రోలయితే ఇంజను వేసి జరపరాదు, చేత్తో నెట్టాలి. లోపలి దీపం, ఫ్యాను, ఏసీ స్విచ్చులు ముట్టరాదు. స్విచ్చులో పుట్టే చిన్న మిణుగురు చాలు.

బ్యాటరీ తీగ ఊడదీయాలని కొందరు తొందరపడతారు. ఆ ఊడదీయడంలో కూడా నిప్పురవ్వ పుడుతుంది. కనుక ఆవిరి బయటకు పోయేంతవరకు ఆగి, మెకానిక్కు చేత ఆ పని చేయించాలి. లీటర్ల కొద్దీ పెట్రోలు ఒలికితే ఎవరూ దగ్గర చేరకుండా చూసి 101కు గాని 112కు గాని ఫోను చేయాలి. ఒకవేళ మంట లేస్తే నీళ్ళు కుమ్మరించరాదు. చమురు నీటిపై తేలి మంటను ఇంకా దూరం పరుస్తుంది. మంట చిన్నదిగా ఉన్నప్పుడే ఇసుక గాని, పొడి మందు ఉన్న అగ్నిమాపక సిలిండరు గాని పనికి వస్తాయి. మంట పెద్దదైతే బండిని వదిలి దూరం జరగడమే తెలివి. బండి పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు.

చమురును పీల్చి తీయడం

ఆవిరి ఉధృతం తగ్గాక అసలు పని మొదలు పెట్టాలి. రబ్బరు మ్యాట్లు తీసి బయట పడేయాలి. చమురు మడుగు కట్టిన చోట పాత నూలు గుడ్డలు, పాత దినపత్రికలు మడతలు పెట్టి పైనుంచి అదమాలి. రుద్దరాదు. రుద్దితే చమురు పక్కలకు పాకి ఇంకా లోపలికి దిగుతుంది. గుడ్డ తడిసిన కొద్దీ మారుస్తూ, ఇక తడి అంటని వరకు అదుముతూ ఉండాలి.

తరువాత పొడి వేయాలి. సామిల్లులో దొరికే రంపపు పొట్టు, సన్నని పొడి ఇసుక, ముగ్గుపిండి, వంటసోడా ఏదైనా సరే. వీటి పని ఒక్కటే, దారాల సందుల్లో మిగిలిన చమురును తమలోకి లాక్కోవడం. రొయ్యల రైతుల వద్ద జియోలైటు బస్తాలు ఉంటాయి. చెరువులో వేసే ఆ జియోలైటు పొడి కూడా ఎండిన బంకమట్టి మాదిరే చమురును పీల్చగలదు. వేలెడు మందాన పరిచి ఒక రాత్రి ఉంచి, పొద్దున చీపురుతో ఎత్తివేయాలి. పొడి జిడ్డుగా వస్తున్నంత కాలం మళ్ళీ కొత్త పొడి వేయాలి. వాక్యూమ్ మిషనుతో లాగాలని చూడరాదు. ఇంటి మిషను మోటారులో రవ్వలు పుడతాయి. ఇంధనపు ఆవిరి అందులోకి పోతే మిషనే అంటుకునే ప్రమాదముంది.

పొయ్యి దగ్గరి బూడిద వేసేవారు అది పూర్తిగా చల్లారినదేనా అని ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. పై బూడిద చల్లగా ఉన్నా లోపల కణికె మిగిలి ఉండవచ్చు.

తడిసిన గుడ్డలు, కాగితాలు, పొట్టు ఎక్కడ వేయాలన్నది కూడా ముఖ్యమే. వీటిని ఎట్టి పరిస్థితిలోనూ పొయ్యిలో పెట్టరాదు. కట్టెలు రాజుకోవడానికి పనికొస్తాయని దాచుకుంటే మంట భగ్గున ముఖానికి లేస్తుంది. పంటకాలువలోనో, చెరువులోనో వేయరాదు. చమురు నీటిపై పొరలా పరుచుకుని నీటికి గాలి అందకుండా చేస్తుంది. దూరంగా రేకు మీద పరిచి ఆరనిచ్చి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, పంచాయతీ చెత్త బండి వారికి ఇది చమురు చెత్త అని చెప్పి అప్పగించాలి.

కార్పెట్టు లేపి చూడాలి

పైన తుడిచి ఊరుకుంటే సగం పనే అయినట్లు. కార్పెట్టు కింద స్పాంజి గాని, జనపనార వంటి దళసరి పట్టా గాని ఉంటుంది. ఒలికిన చమురు తిన్నగా దానిలోకి దిగుతుంది. నెలల తరబడి వాసన వేసేది ఇదే. గడప దగ్గరి ప్లాస్టిక్కు పట్టీలు ఊడదీసి కార్పెట్టు అంచు లేపి చూస్తే తెలిసిపోతుంది. అవసరమైతే సీట్లు విప్పించాలి. కొత్త కార్లలో సీటు కింద పసుపు రంగు తొడుగు ఉన్న తీగలుంటాయి. అవి ఎయిర్‌బ్యాగులవి. తెలిసిన మెకానిక్కు తప్ప ఎవరూ వాటి మీద చేయి వేయరాదు.

కార్పెట్టును బయటకు తీసి నేలమీద పరిచి కడిగితే అన్నిటికంటే మేలు. అంట్లు తోమే ద్రవం సబ్బు జిడ్డును బాగా వదిలిస్తుంది. సబ్బులో ఒక కొస నీటిని, మరొక కొస నూనెను పట్టుకునే గుణముంది. అందుకే నీటికి లొంగని చమురు సబ్బు తోడైతే నీటితో పాటు బయటకు వస్తుంది. కుంకుడుకాయ రసానిది కూడా ఇదే గుణం. అయితే లేత రంగు గుడ్డపై కుంకుడు మరక పడవచ్చు. గోరువెచ్చని నీళ్ళతో రెండు మూడు సార్లు కడిగి పిండాలి. కారులోనే కడగవలసి వస్తే నీళ్ళు కుమ్మరించకుండా స్పాంజితో అద్ది తుడవాలి. కార్పెట్టు కింద కరెంటు తీగలు ఉంటాయి.

జిడ్డు వదలడానికి పెట్రోలు, కిరసనాయిలు, రంగుల్లో కలిపే థిన్నరు వాడే వారున్నారు. ఒక చమురును మరొక చమురుతో కడిగితే వాసన రెట్టింపవుతుంది, నిప్పు భయం మూడింతలవుతుంది.

ఉప్పు బోరు నీళ్ళు వద్దు

తీరగ్రామాల వారికి ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న పలు ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీటిలో సబ్బు నురగదు, విరిగిపోయి తెల్లటి తెట్టె కడుతుంది. జిడ్డు పోదు సరికదా తెట్టె కూడా కార్పెట్టుకు పడుతుంది. అంతకు మించిన నష్టం మరొకటుంది. ఆరిన తరువాత ఉప్పు అక్కడే మిగులుతుంది. ఉప్పు గాలిలోని చెమ్మను లాగుతుంది. కార్పెట్టు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, కింది రేకుకు తుప్పు పడుతుంది. అసలే సముద్రపు గాలికి బండ్లు త్వరగా తుప్పు పట్టే ప్రాంతమిది. కడగడానికి మంచినీళ్ళే వాడాలి. నాలుగు బిందెల మంచినీళ్ళు ఖర్చయినా బండి అడుగు రేకు మిగులుతుంది.

కడిగిన కార్పెట్టును ఎండలో రెండు మూడు రోజులు పూర్తిగా ఆరనివ్వాలి. మన జిల్లాకు ముఖ్యమైన వానలు ఈశాన్య ఋతుపవనాలవి. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో ముసురు పట్టినప్పుడు కడిగితే ఆరదు. తడి పట్టాకు బూజు పట్టి డీజిలు వాసనకు ముక్క వాసన తోడవుతుంది. వానల్లో అయితే పొడి వేసి పీల్చడం వరకు చేసి, కడిగే పనిని తెరిపి ఇచ్చేదాకా ఆపుకోవాలి. స్పాంజి బాగా తడిసి ఉంటే దాన్ని కడిగి ప్రయాస పడేకంటే ఆ ముక్క తీసేసి కొత్తది వేయించడం మేలు.

బ్లీచింగు బస్తా, డీజిలు క్యాను

రొయ్యల రైతుల బండ్లలో మరొక ముప్పు పొంచి ఉంది. చెరువు నీటిని శుద్ధి చేయడానికి వాడే బ్లీచింగు పౌడరు బస్తాను, డీజిలు క్యానును ఒకే డిక్కీలో పక్కపక్కన పెట్టి తీసుకువెళుతుంటారు. బ్లీచింగు పౌడరు మంటకు బలమిచ్చే పదార్థం. చమురు, గ్రీజు వంటివి తగిలితే దానంతటదే వేడెక్కి అంటుకునే అవకాశముంది. అగ్గిపుల్ల కూడా అక్కరలేదు. పొటాషియం పర్మాంగనేటు విషయంలో కూడా ఇటువంటి జాగ్రత్తే అవసరం. ఈ రెంటినీ డీజిలుతో కలిపి ఒకే బండిలో ఎప్పుడూ వేయరాదు.

డీజిలు వాసన పోతుందని కార్పెట్టు మీద బ్లీచింగు చల్లడం అంతకంటే తెలివితక్కువ పని. దానిపై వెనిగరు, నిమ్మరసం వంటి పులుపు తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన కారులో ఆ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

మేత బస్తాలనూ డీజిలు క్యానుతో కలిపి ఉంచరాదు. మేత, బియ్యం, విత్తనాలు, చేపలు అన్నీ చమురు వాసనను ఇట్టే పట్టుకుంటాయి. కిరసనాయిలు సీసా పక్కన పెట్టిన బియ్యం ఎట్లా వాసన వేసేవో పెద్దవాళ్ళకు తెలుసు.

మిగిలిన వాసనకు

చమురు పోయాక కొద్దిపాటి వాసన మిగిలితే దానికి చిట్కాలు పనిచేస్తాయి. ఇస్త్రీ పెట్టెలో వేసే కొత్త బొగ్గులను పలుచని గుడ్డలో మూట కట్టి, సీట్ల కింద వారం రోజులు ఉంచితే కొంత వాసనను లాక్కుంటాయి. వంటసోడాను సీట్లపై చల్లి రాత్రంతా ఉంచి దులిపివేయవచ్చు. ఇవి చివరి మెట్టు మాత్రమే. చమురు ఉండగా ఇవేవీ పనిచేయవు. ఏసీ ఉన్న కార్లలో గాలిని వడగట్టే ఫిల్టరు ఒకటి ఉంటుంది. అది కూడా వాసన పట్టి ఉంటుంది కనుక దాన్ని మార్పించాలి. కొన్నాళ్ళపాటు లోపలి గాలినే తిప్పకుండా బయటి గాలి వచ్చేటట్లు మీట పెట్టుకుని నడపాలి.

వాసన పోయిందా లేదా అని చూసేందుకు సొంత ముక్కును నమ్మరాదు. రోజూ ఆ బండిలో తిరిగే వారి ముక్కు వాసనకు అలవాటు పడిపోతుంది. ఆ బండి ఎక్కని మనిషిని పిలిచి వాసన చూడమనాలి. అతడు లేదంటేనే లేనట్లు.

ఒలకకుండానే వాసన వస్తే

క్యాను తేలేదు, చుక్క ఒలకలేదు, అయినా వాసన వస్తోందంటే అది మరింత పెద్ద సంగతి. ఇంధనపు గొట్టమో, ట్యాంకో, రబ్బరు పైపో కారుతున్నదన్నమాట. చాలా కార్లలో వెనుక సీటు కింద ట్యాంకు పంపు మూత ఉంటుంది. అక్కడి వాషరు పాడయినా లోపలికి వాసన వస్తుంది. ఉప్పుగాలికి ఇనుప గొట్టాలు తుప్పు పట్టి చిల్లులు పడటం తీరప్రాంతంలో కొత్త కాదు. ఇటువంటి బండిని నడపకుండా మెకానిక్కును పిలిపించి చూపించాలి.

ఒంటికి చేటు

ఇంధనపు ఆవిరి పీలిస్తే తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతులు, కళ్ళమంట వస్తాయి. పెట్రోలులో కొద్ది పాళ్ళలో బెంజీన్ ఉంటుంది. ఇది మనుషుల్లో క్యాన్సరు కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ధారించింది. పసిపిల్లలను, గర్భిణీలను వాసన ఉన్న బండిలో ఎక్కించకపోవడం మంచిది. డీజిలు చేతులకు అంటితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. బట్టలపై పడితే ఆ బట్టలతో పొయ్యి దగ్గరికి పోరాదు.

క్యానులోంచి జనరేటరులోకి పైపుతో నోటితో పీల్చి డీజిలు దింపడం పల్లెల్లో అలవాటు. గుక్కెడు డీజిలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించరాదు. పైకి వచ్చేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదమెక్కువ. తక్షణం ఆసుపత్రికి చేర్చాలి. చేతితో నొక్కే చిన్న పంపు కొనుక్కుంటే ఈ బాధ ఉండదు.

ఒలకకుండా తేవాలంటే

మంచినీళ్ళ సీసాలు, వంటనూనె డబ్బాలు ఇంధనానికి పనికిరావు. ఇంధనం కోసం తయారైన గట్టి క్యాను, లోపల మంచి వాషరు ఉన్న మూత కావాలి. అంచు దాకా నింపరాదు. చమురు వేడికి ఉబ్బుతుంది. 20 లీటర్ల డీజిలు 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 300 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఖాళీ లేకపోతే అది మూత సందులోంచి తన్నుకుని వస్తుంది. కారు గతుకుల్లో పడకపోయినా ఒలకడానికి ఇదే కారణం. బంకులో క్యానును బండిలోనే ఉంచి పట్టించరాదు, నేలమీద దించి పట్టించాలి. ఎత్తైన అంచులున్న ప్లాస్టిక్కు తొట్టిలో క్యానును నిలబెట్టి తాడుతో బిగించి కడితే, ఒలికినా తొట్టిలోనే ఉంటుంది. నాలుగు వైపులా గాలి ఆడే ట్రాలీ ఆటో దొరికితే కారు జోలికే పోనక్కరలేదు. ప్రయాణికుల బస్సుల్లో ఇంధనం తీసుకుపోవడం నిషిద్ధం.

1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాక సొంతానికి 30 లీటర్ల వరకు పెట్రోలును లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. లోహపు డబ్బా అయితే ఒక్కొక్కటి 25 లీటర్లకు మించరాదు. డీజిలుకు ఈ పరిమితి 2,500 లీటర్లు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన మనుషులు కూర్చునే బండిలో తేవడం క్షేమమని అర్థం కాదు. అసలు మేలు, పగటిపూటే తీరికగా డీజిలు తెచ్చి, చెరువు గట్టున నీడపట్టున, కాపలా గుడిసెకు, బ్లీచింగు బస్తాలకు దూరంగా నిలవ ఉంచుకోవడం. అర్ధరాత్రి పరుగులోనే ఒలుకులు ఎక్కువ.

ఎన్నూరు చూపిన దారి

మనకు దక్షిణాన ఉన్న ఎన్నూరు రేవు దగ్గర 2017 జనవరి 28న రెండు ఓడలు ఢీకొని నల్లటి చమురు సముద్రంలోకి ఒలికింది. మద్రాసు తీరమంతా జిడ్డు కొట్టుకువచ్చింది. యంత్రాలకు లొంగని ఆ చిక్కటి మడ్డిని చివరకు మనుషులే బకెట్లతో ఎత్తిపోశారు. అంత పెద్ద సముద్రమైనా, ఇంత చిన్న కారయినా పద్ధతి ఒక్కటే. ఒలికిన దాన్ని ముందు ఎత్తివేయాలి. కప్పిపుచ్చితే పోదు.

రొయ్యల కాలం మొదలైతే మళ్ళీ రాత్రి పరుగులు తప్పవు. క్యాను మూతకు ఒక కొత్త వాషరు, డిక్కీలో ఒక ప్లాస్టిక్కు తొట్టి, కట్టడానికి రెండు బారల తాడు. ఈ మూటికీ అయ్యే ఖర్చు స్వల్పం. ఇవి ఉంటే చెరువుకు డీజిలు అందుతుంది, పొద్దున పిల్లలు అదే కారులో ముక్కు మూసుకోకుండా బడికి పోగలరు.